మట్టిలోని మూలధనము

గాజువాకలో నేడు భూమిని గజములతో కొలచుచున్నారు. మన తాతలు అదే భూమిని పండిన పుట్లతో కొలిచిరి. కూడలిలో నిలిచి గజము ధర యెంతయని యడిగినచో పసిబాలుడు సైతము చెప్పగలడు; ఆ గజము క్రిందనున్న మట్టిలో ఏమున్నదని యడిగినచో పెద్దలు సైతము తెల్లబోవుదురు. భూమికి దస్తావేజు కలదు, పట్టా కలదు, హద్దురాళ్లు కలవు. ఆ భూమిని భూమిగా నిలుపుచున్న వస్తువునకు మాత్రము లెక్క వ్రాయు కరణము లేడు. ఆ వస్తువు మన మెఱుగకుండగనే తఱిగిపోవుచున్నది. దానిని గుఱించియే మేము నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

గాజువాక చరిత్ర మన పాఠకులకు క్రొత్తది కాదు. 1966లో విశాఖ యుక్కుకొఱకు ఆంధ్రదేశ మంతయు ఒక్క గొంతుకతో ఎలుగెత్తినది. 1971 జనవరి 20వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధి ఆ కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. 1992 ఆగష్టు 1వ తేదీన ప్రధాని శ్రీ పి. వి. నరసింహారావుగారు దానిని జాతికి అంకిత మొనర్చిరి. దానికై పల్లెలకు పల్లెలే తరలిపోయినవి. వరిమడులు, సరుగుడు తోటలు, జీడిమామిడి తోపులు కొలిమి క్రిందికి పోయినవి. అంతకు ముందే, 1967లో, కోరమాండల్ ఎరువుల కర్మాగారము ఈ తీరమున వెలసియుండెను. 2002లో పరవాడ చెంత సింహాద్రి విద్యుత్కేంద్రము పని ప్రారంభించి, క్రమముగా 2,000 మెగావాట్ల శక్తిగల దైనది. 2005లో గాజువాక విశాఖ మహానగరమున కలిసిపోయినది. 2009లో గంగవరము రేవు తెఱవబడినది.

వీనిని మేము నిందింపము. ఉక్కు లేనిదే దేశము నిలువదు. వెలుగు లేనిదే పట్టణము బ్రతుకదు. వేల కుటుంబములు ఈ కొలుములవలననే అన్నము తినుచున్నవి. కాని ఈ పట్టణవాసులలో పలువురకు సబ్బవరము, పరవాడ, అనకాపల్లి, చోడవరము ప్రాంతములందు నేటికిని భూములు కలవు. కాపురము పట్టణమున, కమతము పల్లెలో. పట్టణపు గాలి ఆ పల్లెకు పోవుచున్నది. పల్లెలో పండినది పట్టణమునకు వచ్చుచున్నది. కావున ఈ విషయము కర్షకులకు మాత్రమే చెందినదని పట్టణవాసులు, పట్టణమునకు మాత్రమే చెందినదని కర్షకులు త్రోసివేయుటకు వీలులేదు.

మూలధన మనగా నేమి?

చెట్లును పైరులును గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, సూర్యరశ్మి సహాయముతో అందలి కర్బనమును తమ దేహముగా మార్చుకొనును. ఆకు రాలినప్పుడు, వేరు చచ్చినప్పుడు, పశువు పేడ వేసినప్పుడు ఆ కర్బనము మట్టిని చేరును. మట్టిలోని సూక్ష్మజీవులు దానిని తిని, అందు హెచ్చుభాగమును మరల వాయువుగా విడిచిపెట్టును. మిగిలిన కొద్దిభాగము బంకమట్టి రేణువుల నంటిపెట్టుకొని యేండ్ల తరబడి నిలుచును. నల్లగా, మెత్తగా, చేతికి చల్లగా తగులు మట్టి యిదియే. నీటిని పట్టియుంచునది, ఎరువును జాఱిపోనీయనిది, మట్టిగడ్డను గుల్లగా నిలుపునది ఈ కర్బనమే.

మన ప్రాంతపు మెట్టభూములు హెచ్చుగా ఎఱ్ఱనేలలు, ఇసుక పాలు గల నేలలు. వీనియందు ఈ నిలువ స్వభావముచేతనే స్వల్పము. మట్టిపరీక్షలో కర్బనము నూటికి అరపాలు కంటె తక్కువయైన తక్కువయనియు, ముప్పాతిక పాలు మించిన హెచ్చనియు లెక్క. ఒక ఎకరములో ఆఱంగుళముల లోతువఱకు గల మట్టి యించుమించు 900 టన్నులు తూగును. అందు అరపాలు కర్బన మనగా నాలుగున్నర టన్నులు మాత్రమే. ఒక యెకరపు కమతమునకు ప్రకృతి యిచ్చిన నిలువ యంతయు ఇంతే! దీనిలో నూటికి పదవవంతు పాలు తగ్గిన, తొమ్మిది క్వింటాళ్లు పోయినట్లే. అది కంటికి కనబడదు, ఏ చిట్టాలోను ఎక్కదు. మఱుచటి యేడు రెండు వారములు వాన తప్పినప్పుడు పైరు వాడిపోవుటలో మాత్రము కనబడును.

ప్రపంచమంతటి లెక్క చూచినచో ఆశ్చర్యము కలుగును. ఒక మీటరు లోతువఱకు భూగోళపు మట్టిలో సుమారు ఒకటిన్నర లక్షల కోట్ల టన్నుల కర్బనము కలదు. వాతావరణమున నున్న కర్బనముకంటె ఇది ఒకటిన్నర రెట్లకు పైబడినది. చెట్టుచేమలన్నిటిలో నున్నదానికి సుమారు మూడింతలు. యంత్రయుగమునకు ముందు గాలిలో పదిలక్షల పాళ్లకు 280 పాళ్లుగా నుండిన బొగ్గుపులుసు వాయువు నేడు 420 పాళ్లు దాటినది. ఇట్టి స్థితిలో మట్టిలోని నిలువ కొంచెము కదలినను గాలిలోని లెక్క తాఱుమాఱగును. కావుననే మన పొలములోని గుప్పెడు మన్ను లోకమునకంతకు సంబంధించిన విషయమైనది.

వేడిమి చేయు పని

ఈ నిలువను నేడు రెండు శక్తులు కదిలించుచున్నవి. ఒకటి వేడిమి, రెండవది నత్రజని.

వేడిమి సంగతి ముందుగా చూతము. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖవారు 2020లో ప్రకటించిన నివేదికనుబట్టి 1901 మొదలు 2018 వఱకు మన దేశపు సగటు వేడిమి సుమారు 0.7 డిగ్రీలు పెరిగినది. ఇది స్వల్పమని తోచవచ్చును. కాని మట్టిలోని సూక్ష్మజీవులకు వేడిమి యనగా ఆకలి. వేడి పెరిగినకొలది అవి తొందరగా తినును, తొందరగా శ్వాసించును. అమెరికాలోని హార్వర్డు అడవియందు 1991 మొదలు మట్టిని చుట్టుప్రక్కల నేలకంటె 5 డిగ్రీలు హెచ్చుగా వేడిచేసి చూచుచున్నారు. ఇరువదియాఱేండ్లలో పైయఱువది సెంటీమీటర్ల మట్టినుండి నూటికి 17 పాళ్ల కర్బనము పోయినదని 2017లో వారు ప్రకటించిరి. అది చలిదేశము, మనకు వర్తింపదందురేమో! పనామా దేశపు ఉష్ణారణ్యమున మట్టిని 4 డిగ్రీలు వేడిచేసినప్పుడు రెండేండ్లలో మట్టి విడుచు బొగ్గుపులుసు వాయువు నూటికి 55 పాళ్లు పెరిగినదని 2020లో తేలినది. ఉష్ణదేశపు నేల వేడికి అలవాటుపడినది కనుక భయములేదను మాట నిలువలేదు.

మన యెండలకు తోడు మన వానలు. రోహిణి కార్తెలో నెఱ్ఱెలువాఱిన నేలపై తొలకరి చినుకు పడినప్పుడు లేచు మట్టివాసన మనకందఱకు ప్రియమైనది. ఆ క్షణముననే మట్టియు ఒక పెద్ద నిట్టూర్పు విడుచును. ఎండకు చచ్చినట్లు పడియున్న సూక్ష్మజీవులు తడి తగిలినంతనే మేల్కొని, చచ్చిన తోటి జీవులను, విడివడిన జీవపదార్థమును ఒక్కపెట్టున తిని వాయువును వెడలగ్రక్కును. తూర్పు ఆఫ్రికా నేలలలో ఈ విషయమును బర్చి యను శాస్త్రజ్ఞుడు 1958లో వివరించెను గనుక శాస్త్రములో అతని పేరే దీనికి నిలిచినది. ఎండకును తడికిని నడుమ అంతరము పెరిగినకొలది, ఎండినతడిసిన పర్యాయములు హెచ్చినకొలది, ఈ నిట్టూర్పులును హెచ్చును. వాన నెమ్మదిగా పదిదినములు కురియుటకు మాఱుగా ఒక్క రాత్రిలో కురిసి వెడలిన, పైపొర మట్టియే గెడ్డల పాలగును. కర్బనము హెచ్చుగా నుండునదియు ఆ పైపొరయందే.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖవద్ద తీరము దాటినప్పుడు గాజువాకలో చెట్లు కూకటివేళ్లతో కూలిన దృశ్యమును ఎవరును మఱచియుండరు. ఆనాడు కొండలు ఎండకట్టెలవలె నిలిచినవి. జనులు పోయిన కప్పులను లెక్కించిరి. ఏండ్ల తరబడి నేలకు ఆకు రాల్చుచు, నీడనిచ్చుచు, వేళ్లతో మట్టిని పోషించుచు వచ్చిన చెట్టు పోయినచో క్రింది నేల యెండపాలగునని లెక్కించినవారు అరుదు.

రెండు దారుల నత్రజని

ఇక నత్రజని. ఇది విషము కాదు. మన యూపిరిలో నూటికి 78 పాళ్లు ఇదియే. కాని ఆ రూపమున నున్న నత్రజని పైరునకు పనికిరాదు. పిడుగులును, పప్పుజాతి మొక్కల వేళ్లబుడిపెలలోని సూక్ష్మజీవులును దానిని పైరు తినదగిన రూపమునకు మార్చుచుండెడివి. 1909లో జర్మనీదేశపు ఫ్రిట్జ్ హేబరు గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చు విధమును ప్రదర్శించెను. కార్ల్ బాష్ దానిని 1913లో కర్మాగారమున కెక్కించెను. నేడు లోకమున ఏటేట పది కోట్ల టన్నులకు పైగా నత్రజని ఎరువురూపమున నేలపై పడుచున్నది. దీనివలన కోట్లకొలది జనము అన్నము తినుచున్నారు. ఆ మేలు మఱచుట కృతఘ్నత.

మన ప్రాంతపు నేలకు ఈ నత్రజని రెండు దారుల వచ్చుచున్నది. మొదటిది బస్తా దారి. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. వరిమడిలో చల్లినదానిలో సాధారణముగా మూడవ వంతు లేక కొంచెము పైగా మాత్రమే పైరునకు చేరును. తక్కినది గాలికి, నీటికి, నేలకు పోవును. రెండవది పొగ దారి. బొగ్గు మండిన చోటను, లారీ నడచిన చోటను, కొలిమి రగిలిన చోటను నత్రజని ఆక్సైడులు పుట్టును. అవి గాలిలో మాఱి వానతోను ధూళితోను నేలకు దిగును. గాజువాకలో ఈ పొయిలన్నియు ఒక్కచోట చేరియున్నవి: ఉక్కు కొలుములు, విద్యుత్కేంద్రము, రేవులు, జాతీయ రహదారి, ఆటోనగరు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు విశాఖను తీవ్ర కాలుష్యముగల పారిశ్రామిక ప్రదేశములలో చేర్చిరి. 2019లో ప్రారంభమైన జాతీయ శుద్ధవాయు కార్యక్రమమందును ఈ నగరము చేర్చబడినది. అక్కడి చర్చ యంతయు మన యూపిరితిత్తులను గుఱించియే. ఆ పొగ తుదకు దిగునది ఏ నేలమీదనో ఆ నేలను గుఱించి పలికినవారు తక్కువ.

నేలకు చేరిన నత్రజని కర్బనము నేమి చేయును? ఇచ్చట మేము పాఠకులను కొంత యోపిక కోరుచున్నాము. ఏలయన ఉత్తరము ఒక్క మాటలో ముగియదు. ఐరోపాలోను ఉత్తర అమెరికాలోను గల చలిదేశపు అడవులలో పలుచోట్ల పొగ దారిని వచ్చిన నత్రజని మట్టిలోని కర్బనమును పెంచినది. అచ్చట చెట్లు హెచ్చుగా పెరిగినవి. కఱ్ఱపదార్థమును జీర్ణింపజేయు శిలీంధ్రములు మందగించినవి. ఆకు రాలినది రాలినట్లుండి నేలపై పేరుకొనినది. ఇది విని కాలుష్యము మేలే చేయుచున్నదని సంతోషించినవారును లేకపోలేదు.

కాని కాలిఫోర్నియాలోని మెట్టనేలలలో వేఱు ఫలితము కనబడినది. ఏండ్ల తరబడి నత్రజని చల్లిన చోట్ల మట్టి పులిసినది. అమ్మోనియా మట్టిలో నైట్రేటుగా మాఱునప్పుడు ఆమ్లము పుట్టును. ఆ ఆమ్లము సున్నపుపాలును కడిగివేయును. కర్బనమును మట్టిరేణువులకు బంధించి యుంచు లంకె ఆ సున్నపుపాలే. లంకె తెగినంతనే ఏండ్లుగా దాగిన కర్బనము సూక్ష్మజీవుల నోటబడినది. మన తూర్పుకనుమల పాదములందలి పొదలడవులు ఐరోపా అడవులును కావు, కాలిఫోర్నియా బయళ్లును కావు; వారి తీర్పును మన కంటగట్టరాదు. కాని సున్నము స్వల్పముగా గల ఎఱ్ఱనేల పులియుట కెంతో కాలము పట్టదను సూత్రము మాత్రము మనకును వర్తించును. వంద కిలోల యూరియా పుట్టించు పులుపును విఱుచుటకు సుమారు 80 కిలోల సున్నము వలయునని వ్యవసాయశాస్త్ర గ్రంథములు చెప్పుచున్నవి. యూరియా చల్లువారు మన చుట్టును ఎందఱో కలరు. సున్నము చల్లువారిని మేము అరుదుగా చూచితిమి.

పరీక్షాక్షేత్రముల సాక్ష్యము

శాస్త్రజ్ఞుల మాటలకంటె పొలము మాటయే రైతునకు నమ్మకము. అట్టి పొలములును కలవు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ క్షేత్రమున 1843 మొదలు ఒకే పొలమున గోధుమ వేయుచు, ఒక మడికి పశువుల యెరువు, ఒక మడికి రసాయనపు టెరువు, ఒక మడికి ఏమియు లేకుండ నడపుచున్నారు. రసాయనపు టెరువు వేసిన మడులలో కర్బనము ఏమియు వేయని మడికంటె కొంచెమే హెచ్చు. పశువుల యెరువు వేసిన మడిలోనో, రెండింతలకు మించినది.

మన దేశమున 1909లో కోయంబత్తూరులో ఇట్టి శాశ్వత ఎరువుల పరీక్ష నెలకొల్పబడినది. 1970 మొదలు భారత వ్యవసాయ పరిశోధనా మండలివారు దేశమంతట ఇట్టి దీర్ఘకాల పరీక్షలు నడపుచున్నారు. తెలుగునాట జగిత్యాలలో రెండు పంటల వరిపొలమున ఈ పరీక్ష ఈ శతాబ్దారంభమున మొదలైనది. అచ్చట రసాయనపు టెరువులతోపాటు పశువుల యెరువు వేసిన మడులలో కర్బనము హెచ్చుగా నిలిచినది. రాంచీ ఎఱ్ఱనేలలలోను, హిమాచలమందలి పాలంపూరులోను ఒక్క నత్రజనినే యేటేట వేసిన మడుల చరిత్ర మఱింత దారుణము. మొదట పంట పెరిగినది. తరువాత మట్టి పులిసినది. తుదకు పంట నేలమట్టమైనది. కొండనాలుకకు మందువేసిన ఉన్ననాలుక యూడినట్లైనది. అదే నేలలో భాస్వరము, పొటాషు, పశువుల యెరువు, లేదా సున్నము చేరిన మడులు నిలిచి పండినవి.

ఈ సాక్ష్యమునుండి మేము గ్రహించినది ఒక్కటే. నత్రజని శత్రువు కాదు. ఒంటరి నత్రజని శత్రువు. ఇందుకు కారణమును సులభముగా చెప్పవచ్చును. మట్టిలో నిలిచియుండు జీవపదార్థములో పది పన్నెండు పాళ్ల కర్బనమునకు ఒక పాలు నత్రజని యుండును. అనగా టన్ను కర్బనమును నిలువచేయవలెనన్న 80 నుండి 100 కిలోల నత్రజని కావలెను. కర్బనము రాక నత్రజని మాత్రమే వచ్చిన నిలువ పెరుగదు; నత్రజని లేక గడ్డి మాత్రమే వచ్చినను నిలువ పెరుగదు. రెండును కలిసి రావలెను. గెత్తమును, జీలుగను, జనుమును, పిల్లిపెసరను వాడిన మన పెద్దలకు ఈ లెక్క తెలియదు. కాని ఆ యెరువులన్నిటిలోను రెండును కలిసియే యున్నవి.

మిగిలిపోయిన నత్రజని మఱియొక యపకారము చేయును. మట్టిలో అది కొంత నత్రజని యుపాక్సైడుగా మాఱి గాలికి లేచును. నూఱేండ్ల లెక్కన ఈ వాయువు బొగ్గుపులుసు వాయువుకంటె 273 రెట్లు హెచ్చుగా వేడిని పట్టియుంచునని అంతర్జాతీయ శాస్త్రజ్ఞమండలి 2021లో నిర్ణయించినది. అనగా పొలములో వృథాయైన నత్రజని లోకపు వేడిని పెంచును. ఆ వేడి మరల పొలములోని కర్బనమును తినును. నేటి మన దుస్థితి ఈ చక్రమందే యున్నది.

ధరల దోషము

రైతు తెలియక ఒంటరి నత్రజనిని వాడుచున్నాడని పండితులు నిందింతురు. ఇది న్యాయము కాదు. రైతు ధరను చూచి నడచును. 2010లో భాస్వరము, పొటాషు ఎరువులకు పోషకములనుబట్టి రాయితీ యను పద్ధతి యేర్పడినప్పుడు యూరియాను దానినుండి వెలుపల నుంచిరి. తక్కినవాని ధర పెరిగినది. యూరియా ధర నిలిచినది. 45 కిలోల బస్తా పన్నులు గాక 242 రూపాయలకే దొరకుచున్నది. బండెడు గెత్తము కొనుటకు, తోలుటకు, చల్లుటకు అగు కూలిని దీనితో పోల్చినచో రైతు దేనిని కొనునో వేఱుగ చెప్పనక్కఱలేదు. 2022–23లో ఎరువుల రాయితీ రెండు లక్షల కోట్ల రూపాయలు మించినది. 2023లో సేంద్రియపు టెరువులకు టన్నుకు 1,500 రూపాయల సహాయము ప్రకటింపబడినది, సంతోషమే. కాని రెండు త్రాసుతట్టలను చూచినచో ఏది మొగ్గుచున్నదో తెలియును.

నేల సారము వెలికి పోవుచున్నదను మొఱ క్రొత్తది కాదు. 1893లో ప్రకటితమైన తన నివేదికలో వోయెల్కరు అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు ఈ దేశమున పేడ పిడకలై పొయిపాలగుటకు కట్టెల కఱవే హేతువనియు, నూనెగింజలు, ఎముకలు విదేశములకు పోవుటచేత నేల సారము వెలికి పోవుచున్నదనియు వ్రాసెను. ఇండోరులో పనిచేసిన ఆల్బర్టు హోవర్డు మన రైతులనే గురువులుగా భావించి, ఆకు, అలము, పేడ కలిపి కుళ్లబెట్టు విధమును లోకమునకు బోధించెను. నూఱేండ్లకు పైబడి తెలిసియున్న విషయమును నేటికిని మన లెక్కపుస్తకములలో చేర్చకుండుట చింతింపదగినది.

చేయదగినది

కావున మేము మూడు తెగలవారితో మూడు మాటలు చెప్పదలచితిమి.

మొదట భూస్వాములతో. 2015లో ప్రారంభమైన నేల ఆరోగ్యపు చీటీలో సేంద్రియ కర్బనమునకు ఒక గడి కలదు. పన్నెండు గడులలో ఆ గడిని ముందుగా చదువుడు. మూడేండ్ల కొకసారి అదే పొలము, అదే మూల, అదే కార్తెలో మట్టి తీసి పరీక్షింపజేయుడు. కౌలు వ్రాయించుకొనునప్పుడు ఆ లెక్క నడుగుడు. ఏటేట పొలమును కౌలుకిచ్చి, ఏటేట కౌలుదారుని మార్చువారు ఒక మాట గుర్తుంచుకొనవలెను: మఱుచటి యేడు తనది కాని నేలకు గెత్తము తోలు వెఱ్ఱివాడెవడు? అయిదేండ్ల కౌలిచ్చిన చోట నేల బాగుపడు నాశ కలదు. చెఱకు కొట్టిన తరువాత ఆకును తగులబెట్టకుడు. ఒక్క పూటలో పోవు ఆ పొగలో మీ నేలకు రావలసిన కర్బనమును నత్రజనియు రెండును కలవు. దానిని కాలువల నడుమ పఱచినచో ఎండనుండి నేలను కాపాడును, కలుపు నణచును, తుదకు ఎరువగును. తొలకరికి ముందే జీలుగనో, జనుమునో, నవధాన్యములనో చల్లుడు. 2016 మొదలు మన రాష్ట్రమున రైతు సాధికార సంస్థ నడపుచున్న ప్రకృతి వ్యవసాయోద్యమమును మెచ్చినను మెచ్చకున్నను, నేలను ఏ నెలలోను ఎండకు విడిచిపెట్టరాదను దాని సూత్రమును మాత్రము ఎవరును కాదనలేరు. యూరియాను పూర్తిగా మానుమని మేము చెప్పము. ఒక్కసారి చల్లు బస్తాను మూడు దఫాలుగా, తడి చూచి చల్లుమనియు, గెత్తము లేని యూరియాను నమ్ముకొనవలదనియు చెప్పుచున్నాము.

రెండవది పట్టణవాసులతో. పల్లెలో పండిన కూర, పండు, బియ్యము పట్టణమునకు వచ్చుచున్నవి. వాని తొక్కలు, గంజి, ఎంగిలి పల్లెకు మరలిపోవుట లేదు. విశాఖ చెత్త కాపులుప్పాడకు పోవుచున్నది. 2022లో అచ్చట చెత్తను కాల్చి విద్యుత్తు తీయు కర్మాగారము పనిచేయ మొదలిడినది. కాగితమును, గుడ్డపీలికను కాల్చిన కాల్చవచ్చును. తడిచెత్తను కాల్చుట నీటిని కాల్చుటయే. ప్రతి యింటను తడిచెత్త వేఱుగ పెట్టినచో, గాజువాకనుండి సబ్బవరమునకు ఖాళీగా మరలు బండ్లు కూడ ఎరువును మోయగలవు. ఇది నగరసభవారి పని కావచ్చును. కాని మన వంటింటిలో రెండు బుట్టలు పెట్టుట మన పనియే.

మూడవది ప్రభుత్వముతోను కర్మాగారాధిపతులతోను. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము విద్యుత్కేంద్రములనుండి వెలువడు నత్రజని ఆక్సైడులకు మితి నేర్పఱచినది. తరువాత పెక్కు కేంద్రములకు ఆ మితిని సడలించినది. సడలించినది సడలించినట్లుండగా, వెలువడినది ఏ నేలమీద పడుచున్నదో కొలుచు పని యైనను చేయరాదా? గాలిని కొలుచు యంత్రములు నగరమున కలవు. వానినీటిలోని నత్రజనిని, కంబాలకొండ యడవిలోను యారాడ కొండపైనను మట్టిలోని కర్బనమును యేటేట కొలిచి ప్రజలకు ప్రకటించు ఏర్పాటు కావలెను. అనకాపల్లిలో 1913లో నెలకొల్పబడిన వ్యవసాయ పరిశోధనా స్థానము మన యింటి ముంగిటనే యున్నది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కూతవేటు దూరమున నున్నది. విద్వాంసులు కలరు, నేల కలదు, పొగ కలదు. పూనిక యొక్కటియే కావలెను. కర్మాగారములు నాటిన లక్షలకొలది చెట్లను మేము మెచ్చుచున్నాము. చెట్లను లెక్కించునట్లే వాని క్రింది మట్టిని కూడ లెక్కింపుమని కోరుచున్నాము.

ఇదంతయు ఒక యేటిలో ఫలించునని మేము పాఠకులను భ్రమపెట్టము. అయిదు టన్నుల గెత్తము తోలినను, అందలి కర్బనములో హెచ్చుభాగము ఏడాది తిరుగకముందే గాలిలో కలియును, నిలుచునది కొంచెమే. పదియేండ్లు శ్రద్ధగా చేసినచో నూటికి పదవవంతు పాలు పెరిగిన పెరుగును. ఒక్క యెండకాలపు దున్నకముతో, ఒక్క అగ్గిపుల్లతో, ఒక్క కుంభవృష్టితో అది పోవచ్చును. కూడబెట్టుటకు పదియేండ్లు, పోగొట్టుకొనుటకు ఒక్క దినము. పాత కుటుంబముల యాస్తి సంగతియు ఇంతేయని మన భూస్వాములకు వేఱుగ బోధింపనక్కఱలేదు.

గాజువాకలో తరలిపోయిన పల్లెల పెద్దలు కొందఱు నేటికిని నిర్వాసిత కాలనీలలో కలరు. తమ మడి ఎక్కడ నుండెనో, గట్టున ఏ చెట్టు నుండెనో వారు చెప్పగలరు. ఆ భూములు మరలి రావు. దేశముకొఱకు వారు చేసిన త్యాగమది. కాని చుట్టుప్రక్కల మిగిలిన భూములు ఎవరును కోరకుండగనే, ఏ శంకుస్థాపనయు లేకుండగనే, నష్టపరిహారము సైతము లేకుండగనే, అంగుళ మంగుళముగా గాలిలో కలిసిపోవుచున్నవి. హద్దురాళ్లు కదలవు, దస్తావేజు చెడదు, మట్టి మాత్రము ఖాళీయగును. మన బిడ్డలకు హద్దురాళ్లను మాత్రమే అప్పగింతుమా, వాని నడుమ మట్టిని కూడ అప్పగింతుమా యనునదే మన ముందున్న ప్రశ్న. రాబోవు తొలకరికి ముందే మన పాఠకులు పొలమునకు పోయి, గుప్పెడు మన్ను చేతబట్టి, ఆ ప్రశ్నకు తామే సమాధానము చెప్పుకొందురుగాక.